తల్లిదండ్రుల్ని ఎవరూ చూడని పిల్లలు

మీ క్లాసులో ఒక కొత్త కుర్రాడు చేరాడనుకోండి. వాడి ఊరేదో ఎవరికీ తెలియదు. ఇంటిపేరు తెలియదు. రోజూ వేళకు బడికి వస్తాడు, చివరి గంట కొట్టగానే వీధి మలుపు తిరిగి మాయమవుతాడు. వాడి అమ్మను గాని నాన్నను గాని చూసినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు. ఇలా ఒక వారం గడిస్తే మీరు ఊరుకుంటారా? వెంటపడి ఇల్లు కనుక్కుంటారు. మరి నూట పాతికేళ్లు గడిచినా ఆ ఇల్లు దొరక్కపోతే?

సముద్రంలో అచ్చంగా అలాంటి పిల్లలు ఉన్నారు.

1889లో జర్మన్ శాస్త్రజ్ఞులు ఓడ ఎక్కి అట్లాంటిక్ మహాసముద్రం మీద ఒక యాత్ర చేశారు. చేపల కోసం కాదు, తిమింగిలాల కోసం కాదు. నీటి వాలున కొట్టుకుపోయే అతి చిన్న జీవులున్నాయే, వాటిని ప్లవకాలు అంటారు, వాటి కోసం. సన్నని కన్నుల వలలతో నీటిని వడకట్టి, దొరికిన వాటినల్లా సీసాల్లో భద్రపరిచి తెచ్చారు. ఆ సీసాల్లో రొయ్యల, పీతల జాతివాటిని పరిశీలించే పని హాన్సెన్ అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడి మీద పడింది. సూక్ష్మదర్శిని కింద ఆయనకు కొన్ని విచిత్రమైన డింభకాలు కనిపించాయి. డింభకం అంటే గుడ్డులోంచి వచ్చిన పిల్లజీవి అన్నమాట. తోకకప్ప కప్పకు డింభకం. గొంగళిపురుగు సీతాకోకచిలుకకు డింభకం. మరి ఇవి దేనికి డింభకాలు? హాన్సెన్‌కు అంతు చిక్కలేదు. మీరు బీజగణితంలో విలువ తెలియనిదానికి ఎక్స్ అనో వై అనో పేరు పెడతారు చూడండి, అలాగే ఆయన వీటిని 'వై' డింభకాలు అన్నాడు. ఆ సంగతి 1899లో అచ్చయింది.

ఆ తరవాత వై డింభకాలు ధ్రువ సముద్రాల్లోనూ, వెచ్చటి సముద్రాల్లోనూ దొరికాయి. జపాన్‌కు చెందిన ఒకినావాలో సెసొకో అనే చిన్న దీవి ఉంది. ఆ ఒక్క దీవి చుట్టుపక్కల నీళ్లలోనే నలభైకి పైగా రకాలు కనిపించాయి. ఒక్కొక్కటి అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. వీపు మీద ఒక డాలు, ఆ డాలు మీద గచ్చు పలకలు పరిచినట్టు సన్నని గళ్లు. పిల్లలు ఇన్ని రకాలు ఉంటే పెద్దవి ఎన్ని రకాలు ఉండాలి! కాని పెద్దది ఒక్కటంటే ఒక్కటి కూడా ఎవరి కంటా పడలేదు.

చూడనే చూడని తల్లిదండ్రుల కులగోత్రాలు కనుక్కోవడం సాధ్యమా? సాధ్యమే. ఎలాగో తెలుసుకోవాలంటే మనం కొంచెం చుట్టు తిరిగి రావాలి.

విశాఖపట్నం తీరంలో అలలు కొట్టే రాళ్ల మీద చెప్పులు లేకుండా ఎక్కినవాళ్లకు కాళ్లు గీరుకుపోవడం అనుభవమే. రాయికి అంటుకుని తెల్లగా, చిన్న చిన్న అగ్నిపర్వతాల బొమ్మల్లా ఉంటాయి. ఓడల అడుగున కూడా పడతాయి. వాటినే బార్నకిల్స్ అంటారు. గట్టి సున్నపు గుల్ల, కదలకుండా ఒకచోట కూర్చోవడం, ఇవన్నీ చూసి పూర్వపు శాస్త్రజ్ఞులు వీటిని నత్తల, ఆల్చిప్పల వర్గంలో చేర్చారు. క్యువియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జంతువుల వర్గీకరణలో మహా దిట్ట. ఆయనా అలాగే అనుకున్నాడు.

ఐర్లండులోని కార్క్ అనే రేవు ప్రాంతంలో జాన్ వాన్ థామ్సన్ అనే సైనిక వైద్యుడు ఉండేవాడు. 1826లో ఆయన వలకు పారదర్శకంగా ఉన్న బుల్లి జీవులు కొన్ని చిక్కాయి. అవి రొయ్యల బంధువుల్లా ఈదుతున్నాయి. వాటిని సముద్రపు నీళ్లున్న గాజుపాత్రలో ఉంచి గమనించసాగాడు. కొద్దిరోజులకు ఆయనే నమ్మలేని సంగతి జరిగింది. ఆ ఈదే జీవులు కుబుసం విడిచి పాత్ర అడుగున అతుక్కుపోయాయి. అతుక్కుని బార్నకిల్స్ అయి కూర్చున్నాయి! అంటే బార్నకిల్ నత్తకు చుట్టం కానే కాదు. రొయ్యలకు, పీతలకు చుట్టం. తల కిందికి పెట్టి రాయికి అతికించుకుని, కాళ్లతో నీళ్లలోని ఆహారాన్ని నోట్లోకి తోసుకుంటూ బతికే రొయ్య బంధువు అనుకోండి. థామ్సన్ దీన్ని 1830లో ప్రచురించాడు.

బార్నకిల్స్ అంటే గుర్తొచ్చింది. డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు వీటితోనే గడిపాడు. ఆయన పిల్లల్లో ఒకడు పక్కింటికి వెళ్లి, "మీ నాన్నగారు బార్నకిల్స్ ఎక్కడ చూసుకుంటారు?" అని అడిగాడని ఒక కథ చెబుతారు. తండ్రులందరికీ అదే పని అనుకున్నాడు పాపం!

ఇంతకూ థామ్సన్ చేసిన పని ఏమిటి? పిల్లను పెంచి పెద్ద చేసి చూశాడు. బంధుత్వం తేలిపోయింది. రొయ్యలకు, బార్నకిల్స్‌కు కూడా గుడ్డులోంచి వచ్చేది ఒకే మోస్తరు పిల్ల. ఒక కన్ను, మూడు జతల కాళ్లు. దాన్ని నాప్లియస్ అంటారు. కోస్తా జిల్లాల్లో రొయ్యపిల్లల హేచరీలో పనిచేసేవారిని అడగండి, నాప్లియస్ గురించి మీకు గంటసేపు చెప్పగలరు. వై డింభకాలు కూడా మొదట్లో నాప్లియస్‌లే. ఆ పైన కుబుసం విడిచి రూపం మార్చుకుంటాయి. అందులో బార్నకిల్ పిల్లల పోలికలు కనిపిస్తాయి. కాబట్టి ఇవీ ఆ కుదురులోవే కావచ్చునని శాస్త్రజ్ఞులు ఊహించారు. జపాన్ శాస్త్రజ్ఞుడు ఇతో 1985లో వీటికి హాన్సెన్ పేరు మీదుగా హాన్సెనోకారిస్ అనే ప్రజాతి పేరు కూడా పెట్టాడు.

కాని థామ్సన్ చేసినట్టు పెంచబోతే, ఒక దశ దాటి అవి పెరగవు. ఆ దశలో వాటి స్పర్శశృంగాలకు కొక్కేలు ఉంటాయి. కొక్కెం దేనికి? దేన్నో పట్టుకోవడానికి. దేన్ని పట్టుకుంటాయో మనకు తెలియదు. పట్టుకునేది దొరక్క గాజుపాత్రలో తిరిగి తిరిగి చచ్చిపోతాయి. ఇవి ఇంకొక జంతువు మీద ఆధారపడి బతికే పరాన్నజీవుల పిల్లలు కావచ్చునని ఆ కొక్కేలే చెబుతున్నాయి.

సరే, పెంచి చూసే దారి మూసుకుపోయింది. ఇంకో దారి ఉంది. అది మీ నోటుపుస్తకాల్లోనే ఉంది.

మాస్టారు బోర్డు మీద "రొయ్యకు నడిచే కాళ్లు పది" అని రాశారనుకోండి. మర్నాడు పుస్తకాలు దిద్దుతుంటే రమణ పుస్తకంలో "రొయ్యకు నడిచే కళ్లు పది" అని ఉంది. ఒక్క దీర్ఘం పోయింది, అంతే! సీత పుస్తకం తీస్తే "రొయ్యకు నడిచే కళ్లు పడి" అని ఉంది. రహీం పుస్తకంలో కూడా "రొయ్యకు నడిచే కళ్లు పడి" అనే ఉంది. మిగతా ముప్పైమంది సరిగానే రాశారు.

మాస్టారికి ఏమి తెలిసింది? సరిగా రాసిన ముప్పైమందిలో ఎవరు ఎవరిని చూసి రాశారో ఆయన చెప్పలేరు. ఒప్పు అందరికీ బోర్డు మీదినుంచే వచ్చి ఉండవచ్చు. కాని ముగ్గురు ఒకే తప్పు రాశారంటే, ఆ ముగ్గురి రాతా 'కళ్లు' అని రాసిన ఏదో ఒక పుస్తకం నుంచి దిగివచ్చింది. వాళ్లలో ఇద్దరు రెండో తప్పు కూడా రాశారంటే, ఆ ఇద్దరిదీ మరింత దగ్గరి సంబంధం. బంధుత్వాన్ని పట్టిచ్చేది ఒప్పు కాదు, ఉమ్మడి తప్పు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇక ముందంతా దీనితోనే పని.

పాత తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితులు కూడా చేసేది ఇదే. రాయసగాళ్లు ఒకరిని చూసి ఒకరు ఎత్తి రాసేటప్పుడు తప్పులు దొర్లేవి. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలకు, ఇతర గ్రంథాలకు ఎక్కడెక్కడి ప్రతులో సేకరించి, పండితుల చేత ఒకదానితో ఒకటి పోల్చి చూపించాడు. ఏ ప్రతి ఏ ప్రతికి చుట్టమో తెలియాలంటే తప్పులు చూడాలి మరి.

ప్రతి జీవి శరీరంలోనూ ఇలాంటి ఒక గ్రంథం ఉంది. దాని పేరు డి.ఎన్.ఎ. అది చాలా పెద్ద గ్రంథమేగాని అందులో ఉన్నవి నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. ఇవి అడినైన్, థైమిన్, గ్వానైన్, సైటోసిన్ అనే నాలుగు రసాయనాల పొడి పేర్లు. అవి దారానికి గుచ్చిన పూసల్లా వరసగా ఉంటాయి. తల్లిదండ్రులు ఈ గ్రంథానికి ప్రతి తీసి పిల్లలకు ఇస్తారు. ప్రతి తీసేటప్పుడు ఎప్పుడో ఒకప్పుడు ఎ ఉండవలసిన చోట జి పడుతుంది. ఆ తప్పు పిల్లల పిల్లలకు, వాళ్ల పిల్లలకు అలాగే పోతుంది. లక్షల తరాలు గడిచేసరికి ఇలాంటివి చాలా పోగవుతాయి. తప్పు అన్నానని అవన్నీ చెడ్డవని అనుకోకండి. చాలా వాటివల్ల నష్టమూ ఉండదు, లాభమూ ఉండదు.

ఆ గ్రంథంలో ఒక పనికి సంబంధించిన పేజీని జన్యువు అంటాం. కొన్ని పేజీలు చాలా నెమ్మదిగా మారతాయి. జీవకణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోసోములు అనే కార్ఖానాలు ఉంటాయి. వాటి భాగాలకు సంబంధించిన ఒక జన్యువులో సుమారు 1,800 అక్షరాలు ఉంటాయి. అది చీమకూ ఉంది, రొయ్యకూ ఉంది, మీకూ ఉంది. కార్ఖానా పాడైతే ప్రాణం నిలవదు గనక అందులో మార్పులు తొందరగా నిలదొక్కుకోవు. మరికొన్ని జన్యువులు గబగబా మారతాయి. గోడగడియారంలో గంటల ముల్లు, సెకన్ల ముల్లు ఉన్నట్టే అనుకోండి. కోట్ల ఏళ్లనాటి దూరపు చుట్టరికం కావాలంటే నెమ్మది ముల్లు చూడాలి. ఈ రెండూ ఒకే జాతివా కాదా అని తేల్చాలంటే వడిగా తిరిగే ముల్లు చూడాలి.

అర మిల్లీమీటరు జీవిలో డి.ఎన్.ఎ. ఎంత దొరుకుతుంది? చాలా కొంచెం. దాన్ని పెంచే ఉపాయం 1983లో కేరీ మల్లిస్ అనే అమెరికన్ కనిపెట్టాడు. దాని పేరు పి.సి.ఆర్. డి.ఎన్.ఎ. రెండు పేటల తాడు. బాగా వేడి చేస్తే పేటలు విడిపోతాయి. కొంచెం చల్లార్చి, కావలసిన అక్షరాలు, ఒక ఎంజైము అందిస్తే ఒక్కొక్క పేట పక్కన కొత్త పేట అల్లుకుంటుంది. ఒక తాడు రెండు తాళ్లు అవుతుంది. మళ్లీ వేడి, మళ్లీ చల్లార్చడం, నాలుగు తాళ్లు. చదరంగం గళ్లలో గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయిన కథ మీకు తెలుసు కదా! ముప్పైసార్లు చేస్తే ఒక్కటి 107 కోట్లకు పైగా అవుతుంది. నమ్మకపోతే కాగితం తీసి రెట్టింపు చేసుకుంటూ వెళ్లండి. అంత వేడికి మామూలు ఎంజైములు ఉడికిపోతాయి. అందుకని అమెరికాలో వేడినీటి బుగ్గల్లో బతికే ఒక బాక్టీరియా నుంచి ఈ ఎంజైమును తీసుకున్నారు.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. డి.ఎన్.ఎ. తియ్యాలంటే డింభకాన్ని నలిపెయ్యాలి. నలిపేస్తే అది ఏ రకమో చూడ్డానికి ఏమీ మిగలదు. అచ్చంగా ఉంచి బొమ్మ గీద్దామంటే డి.ఎన్.ఎ. దొరకదు. దీనికి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయం నాకు భలే నచ్చింది. సెసొకో దగ్గర దొరికే వై డింభకాల్లో చాలా వాటికి ఆహారం పెట్టనక్కర్లేదు. గుడ్డులోంచి తెచ్చుకున్న సొనతోనే పెరుగుతాయి. కాబట్టి ఒక్కొక్కదాన్ని విడివిడిగా నీళ్లలో ఉంచుతారు. అది కుబుసం విడిచి తరవాతి దశలోకి వెళ్తుంది. ఆ కుబుసాన్ని గాజుపలక మీద పెట్టి గళ్లు, ముళ్లు అన్నీ చూసి బొమ్మ గీస్తారు. డింభకాన్ని డి.ఎన్.ఎ. కోసం తీసుకుంటారు. విడిచిన చొక్కా ఆనవాలుకు, మనిషి సాక్ష్యానికి అన్నమాట.

అక్షరాలు చదివి తల్లిని పట్టుకున్న కేసు ఒకటి చెబుతాను. గ్రే అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1828లో ఒక భయంకరమైన డింభకాన్ని వర్ణించాడు. ఒళ్లంతా మందపు కవచం, దానిమీద కొమ్ములు. దానికి సెరాటాస్పిస్ మాన్‌స్ట్రోసా అని పేరు పెట్టాడు, అంటే రాక్షస రూపం అని. ఆ డింభకాలు పెద్ద పెద్ద చేపల కడుపుల్లో దొరికేవి. పెద్దది మాత్రం 184 ఏళ్లు ఎవరికీ తెలియలేదు. 2012లో బ్రాకెన్-గ్రిస్సమ్, ఆమె సహచరులు మెక్సికో సింధుశాఖలో దొరికిన ఒక డింభకం నుంచి అయిదు జన్యువులు చదివి, రకరకాల రొయ్యల జన్యువులతో పోల్చారు. ఎక్కడో సముద్రపు లోతుల్లో ఉండే ఒక ఎర్ర రొయ్యతో అక్షరాలన్నీ దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. ఆ రొయ్య శాస్త్రజ్ఞులకు ముందే తెలుసు, దానికి వేరే పేరు కూడా ఉంది. తల్లి, బిడ్డ రెండు పేర్లతో రెండు జీవులుగా పుస్తకాల్లో కాపురం చేస్తున్నారన్నమాట! నిబంధనల ప్రకారం ముందు పెట్టిన పేరే చెల్లుతుంది గనక ఇప్పుడు తల్లి కూడా బిడ్డ పేరుతోనే చలామణీ అవుతోంది.

వై డింభకాలకు ఇలా ఎందుకు కుదరలేదు? పోల్చడానికి తల్లి చేతిలో లేదు. రొయ్య అయితే వలలో పడింది, సీసాలో ఉంది. ఏదో జంతువు ఒంట్లో దాక్కున్నదాన్ని ఎవరు తెచ్చి సీసాలో పెడతారు? అయితే తల్లి దొరక్కపోయినా పెదనాన్నలు, మేనమామలు ఎవరో తేల్చవచ్చు. అక్కడే ఉమ్మడి తప్పులు పనికివస్తాయి.

ఇక్కడ మనకు ఇంకొక పాత్ర కావాలి. దాని పేరు సాక్యులినా. ఇది పీతకు పట్టే పరాన్నజీవి. పెద్దయ్యాక దీనికి కాళ్లు ఉండవు, కళ్లు ఉండవు, పేగు కూడా ఉండదు. పీత పొట్ట కింద ముడుచుకునే రేకు ఉంటుంది చూడండి, ఆడపీత గుడ్లు పెట్టుకునే చోటు, అక్కడ పసుపుపచ్చని సంచిలా వేలాడుతూ ఉంటుంది. లోపల మాత్రం చెట్టు వేళ్లలా పీత ఒళ్లంతా పాకిపోయి ఉంటుంది. పీత ఆ సంచిని తన గుడ్లే అనుకుని శుభ్రం చేస్తూ కాపాడుతుంది. మగపీతకు పడితే దాని పొట్టరేకు కూడా ఆడపీత రేకులా వెడల్పవుతుంది. ఎంత మాయ! ఈ సంచి ఎవరి తాలూకో 1836లో కనిపెట్టింది కూడా మన థామ్సనే. దాని పిల్లల్ని చూశాడు, అవి బార్నకిల్ పిల్లల్లాగే ఉన్నాయి. సంచిలా ఉన్నా సాక్యులినా బార్నకిల్ కుటుంబంలోదే.

సాక్యులినా వంటి పరాన్నజీవి పిల్ల పీతలోకి ఎలా దూరుతుందో తెలిసింది 1995లో. గ్లెన్నర్, హోయెగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గమనించారు. పిల్ల పీత మీద వాలి, సూదిలాంటి దానితో పొడిచి, తన లోపలి సారాన్నంతా ఒక చిన్న పురుగు రూపంలో పీత ఒంట్లోకి ఎక్కిస్తుంది. ఆ పురుగుకు కాళ్లూ కళ్లూ ఏమీ ఉండవు.

ఇప్పుడు 2008కి రండి. అదే గ్లెన్నర్, హోయెగ్, వారితోబాటు గ్రైగియర్, ఫుజిటా కలిసి సెసొకో దీవిలో వై డింభకాల మీద ఒక ప్రయోగం చేశారు. ఇవి గాజుపాత్రలో పెరగవని చెప్పాను కదా. పీతల, రొయ్యల ఒంట్లో కుబుసం విడిచేటట్టు చేసే ఒక హార్మోను ఉంటుంది. దాన్ని నీళ్లలో కలిపి చూశారు. అంతే, డింభకాలు కుబుసం వదిలేశాయి. లోపలినుంచి ఏమి వచ్చింది? కాళ్లు లేని, కవచం లేని, మెత్తటి పురుగు ఒకటి మెల్లిగా కదులుతూ పాత చర్మంలోంచి బయటపడింది. కళ్లు కూడా కరిగిపోతున్నాయి. నూరేళ్లకు పైగా ఎవరూ చూడని దశ అది! చూడబోతే అచ్చం సాక్యులినా పీతలోకి ఎక్కించే పురుగులా ఉంది.

అయితే వై డింభకం సాక్యులినాకు తోబుట్టువేనా? పోలికను బట్టి అవుననే అనిపిస్తుంది. కాని పోలికను నమ్మి క్యువియే అంతటివాడే బోల్తాపడ్డాడు. అక్షరాలను అడుగుదాం.

కింద నాలుగు వరసలు ఇచ్చాను. ఇవి నిజమైన జన్యువులోవి కావు, మీ అభ్యాసం కోసం నేను కట్టినవి. నిజమైన వరసలు ఇంతకు ఎన్నో రెట్లు పొడుగుంటాయి.

పీత: ఎ జి సి టి ఎ ఎ జి సి టి సి జి ఎ
వై డింభకం: ఎ జి టి టి ఎ ఎ ఎ సి సి సి జి ఎ
బార్నకిల్: ఎ జి టి టి జి ఎ ఎ సి టి టి జి టి
సాక్యులినా: ఎ జి టి టి జి ఎ ఎ సి సి టి జి ఎ

ముందుగా తేడాలు లెక్కపెట్టండి. వై డింభకానికి, సాక్యులినాకు తేడా రెండు అక్షరాలు. బార్నకిల్‌కు, సాక్యులినాకు కూడా రెండే. అంటే సాక్యులినా ఇద్దరికీ సమానంగా దగ్గర! ఉత్త లెక్కతో తేలలేదు. ఇప్పుడు మాస్టారి పద్ధతి ప్రయోగించండి. పీత ఎప్పుడో ముందే వేరుపడిన దూరపు చుట్టం. కాబట్టి దాని వరసను బోర్డు మీది వాక్యం అనుకుందాం. మూడో అక్షరం, ఏడో అక్షరం చూడండి. మిగతా మూడింటిలోనూ ఒకే విధంగా మారాయి. అంటే ఆ మూడూ ఒక కుదురు. అయిదో అక్షరం, పదో అక్షరం బార్నకిల్‌లో, సాక్యులినాలో మాత్రమే మారాయి. అంటే ఆ రెంటిదీ మరింత దగ్గర సంబంధం. కాని తొమ్మిదో అక్షరం పేచీ పెడుతోంది! అది వై డింభకంలోను, సాక్యులినాలోను ఒకేలా మారింది.

ఇద్దరు పిల్లలు ఒకరినొకరు చూసుకోకుండానే ఒకే తప్పు రాయడం అప్పుడప్పుడు జరుగుతుంది కదా? ఉన్నవే నాలుగు అక్షరాలైనప్పుడు మరీను! అందుకని రెండు వంశవృక్షాలూ గీసి, ఏ చెట్టుకు తక్కువ మార్పులు సరిపోతాయో చూస్తారు. బార్నకిల్, సాక్యులినా తోబుట్టువులైతే మొత్తం ఏడు మార్పులతో ఈ నాలుగు వరసలూ వస్తాయి. వై డింభకం, సాక్యులినా తోబుట్టువులైతే ఎనిమిది కావాలి. మీరూ గీసి లెక్కపెట్టి చూడండి. మరి ఏడుకు, ఎనిమిదికి తేడా ఎంత? ఒకటి. ఒక్క ఓటుతో గెలిచిన పంచాయతీ సభ్యుణ్ణి ఊరు నమ్మినట్టే ఉంటుంది. అందుకే పన్నెండు అక్షరాలు చాలవు, ఒక్క జన్యువు కూడా చాలదు. అన్ని కొమ్మలకూ ఒకే వేగంతో మార్పులు రావు, కొన్ని పరాన్నజీవుల్లో మరీ వడిగా వస్తాయి. వాటిని లెక్కలోకి తీసుకునే పద్ధతులు కూడా ఉన్నాయి. ఆ పనంతా కంప్యూటర్లది. నాలుగు జీవుల చెట్లు మనం చేత్తో గియ్యగలం గాని, ఇరవై జీవుల్ని ఎన్ని రకాల చెట్లుగా అమర్చవచ్చునో లెక్కకట్టబోతే కాగితం చాలదు.

ఒకటి రెండు జన్యువులతో ముందు చేసిన పోలికల్లోనే వై డింభకాలు బార్నకిల్ కుదురులోకి వచ్చాయి. ఆ కుదురులో సరిగ్గా ఏ కొమ్మ అన్నదే ప్రశ్న. 2025లో జేమ్స్ బెర్నాట్, నిక్లాస్ డ్రేయర్, వారి సహచరులు వై డింభకాల నుంచి ఎన్నో జన్యువుల్ని ఒక్కసారిగా చదివి, బార్నకిల్స్‌తోను, సాక్యులినా వంటి పరాన్నజీవులతోను పోల్చారు. ఫలితం ఏమిటంటే, వై డింభకాలు బార్నకిల్స్‌కు చుట్టాలు, అది నిజమే. కాని సాక్యులినా కొమ్మకు తోబుట్టువులు మాత్రం కావు! ఇంకొకరి ఒంట్లో దూరి బతికే విద్యను ఆ రెండూ వేరు వేరుగా నేర్చుకున్నాయి.

మరి ఆ పురుగు పోలిక సంగతేమిటి? ఇంకో జంతువు ఒంట్లో ఉండేదానికి కళ్లతో పని లేదు, ఈదే కాళ్లతో పని లేదు, కవచంతో పని లేదు. ఆ బతుకు ఎవరు బతికినా అవన్నీ వదిలెయ్యవలసిందే. వదిలేశాక మిగిలేది మెత్తటి పురుగే. నిద్రపోయేవాళ్లందరూ కళ్లు మూసుకునే ఉంటారు. అంతమాత్రాన అందరూ అన్నదమ్ములు కారు గదా!

ఇల్లు ఏ వీధిలో ఉందో తెలిసింది. ఇంటి తలుపు మాత్రం ఇంకా తెరుచుకోలేదు. 2025లో ఆ పరిశోధన వెలువడేనాటికి కూడా పెద్ద వై జీవిని చూసినవాళ్లు లేరు. అది ఏ జంతువులో దూరుతుందో తెలియదు. పగడాల దగ్గర ఉండే ఏ పురుగులోనో, ఏ నత్తలోనో, మరే పీతలోనో ఎవరో ఒకరు కోసి చూసినప్పుడు కాళ్లూ కళ్లూ లేని చిన్న ముద్ద ఒకటి కనిపించవచ్చు. ఒకవేళ ఇప్పటికే ఎవరి కంటనో పడి, ఏ పేరూ లేకుండా సీసాలో ఉందేమో కూడా! పూర్వమైతే అలాంటి ముద్దను చూసి ఎవరూ ఏమీ చెప్పలేకపోయేవారు. ఇప్పుడు ఆవగింజంత తీసి అక్షరాలు చదివితే చాలు. పోల్చుకోవడానికి వై డింభకాల అక్షరాలు సిద్ధంగా రాసి ఉన్నాయి, వాటి పక్కనే గాజుపలకల మీద అవి విడిచిన కుబుసాలు ఉన్నాయి. తల్లి పేరు రాయవలసిన గడి ఒక్కటే ఇంకా ఖాళీగా ఉంది.